ఒక్క గడి బంటు

చదరంగం మగవాళ్ళ రచ్చకట్ట ఆట, మనకెందుకులే అని ఈ పేజీ తిప్పెయ్యకండి అక్కలారా! పొయ్యి మీద ఎసరు పెట్టి, అది మరిగేలోపల చదివెయ్యొచ్చు. పదో తరగతితో చదువు ఆపినదాన్ని, నేనేమీ పెద్ద ఆటగత్తెను కాను. కానీ మా ఇంట్లో జరిగిన ఒక చిన్న సంగతి వల్ల ఈ ఆట చరిత్ర కొంత తెలుసుకోవాల్సి వచ్చింది. అది మీతో చెప్పుకుందామని.

మాది కోసిగి. నా చిన్నప్పుడు సుగ్గి రోజులొస్తే ఊరు సగం ఖాళీ అయ్యేది. మిరప కోతలకనీ, కూలి పనులకనీ సంసారాలు కట్టుకుని పోయేవాళ్ళు. మిగిలిన ముసలివాళ్ళు నాపబండ మీద బొగ్గుతో గళ్ళు గీసి ఆడుకునేవాళ్ళు. అట్లా మా జేజినాయన నాకు చదరంగం నేర్పినాడు. ఆయన ఆటలో బంటు ఎప్పుడూ ఒక్క గడే కదులుతుంది. రాజు ఆట మొత్తంలో ఒకే ఒక్కసారి గుర్రం మాదిరి దూకవచ్చు. అదే ఆట నేను మా పాపకు నేర్పినాను.

పాప పోయిన ఏడాది బడి తరఫున పోటీకి పోయింది. ఆట మధ్యలో రాజును గుర్రం మాదిరి దూకించిందట. చెల్లదన్నారు. పిల్ల కంగారుపడి ఆట పోగొట్టుకుంది. చుట్టూ ఉన్నవాళ్ళు పల్లెటూరి ఆట అని నవ్వినారట. ఇంటికొచ్చి, "అమ్మా, మీ జేజినాయన నీకు తప్పు నేర్పినాడు, నువ్వు నాకు తప్పు నేర్పినావు. నేనింక ఆడను" అని ఏడ్చింది. ఆ మాట నాకు ముల్లులా గుచ్చుకుంది. నిజంగా తప్పేనా? తెలుసుకోవాలని పుస్తకాలు తెప్పించుకున్నాను.

మన పాత ఆటలో బంటు ఒక్కొక్క గడే నడిచేది. ఆట మన దేశం నుంచి పర్షియాకు, అరబ్బుల ద్వారా యూరప్‌కు చేరింది. ఆట తొందరగా నడవాలని అక్కడివాళ్ళు బంటుకు మొదటి ఎత్తులో రెండు గళ్ళు పోయే హక్కు ఇచ్చినారు. పదిహేనో శతాబ్దం చివర మంత్రికి ఇప్పటి బలమంతా వచ్చింది. మనం మంత్రి అనేదాన్ని వాళ్ళు రాణి అంటారు. బలగంలో అందరికన్నా బలమైనది ఆడది! మన పల్లెల్లో మాత్రం చాలాచోట్ల పాత పద్ధతే నిలిచింది. అంటే మా జేజినాయన ఆట తప్పు కాదు, పాతది. ఇప్పటి పోటీల నియమం వేరు, అంతే.

ఇక ఆట మొదలుపెట్టే తీరును ఓపెనింగ్ అంటారు. పెళ్ళివారింట్లో ఎదురుకోలు ఎట్లా జరిగిందో దాన్ని బట్టి పెళ్ళంతా నడుస్తుంది చూడండి, ఇదీ అట్లాంటిదే. వీటిని ముఖ్యంగా ఐదు తరగతులుగా చెబుతారు.

తెల్లవారు రాజు ముందరి బంటును రెండు గళ్ళు జరిపితే, నల్లవారూ అట్లాగే ఎదురు నిలిపితే అది తెరిచిన ఆట. దారులు త్వరగా తెరుచుకుంటాయి, పోట్లాట త్వరగా వస్తుంది. ఇటాలియన్, స్పానిష్ ఆటలు ఇందులోవి. స్పెయిన్ మతగురువు రూయ్ లోపెజ్ 1561లోనే దీని మీద పుస్తకం రాసినాడు. అదే ఎత్తుకు నల్లవారు వేరే జవాబు ఇస్తే సగం తెరిచిన ఆట. సిసిలియన్, ఫ్రెంచ్ ఈ తరగతివి. 1834లో మొదలైన ఉత్తరాల పోటీలో పారిస్‌వాళ్ళు లండన్‌వాళ్ళ మీద వాడినందుకు దానికి ఫ్రెంచ్ అని పేరు. మంత్రి ముందరి బంటు రెండు గళ్ళు, దానికి ఎదురుగా నల్లమంత్రి బంటూ రెండు గళ్ళు వస్తే మూసిన ఆట. అక్కడ ఓపిక కావాలి. నడుమ వదిలి పక్కనుంచి మొదలుపెట్టేవి పక్క ఆటలు. ఇంగ్లండు ఆటగాడు స్టాంటన్ 1843లో ఆడినందున వీటిలో ఒకదాన్ని ఇంగ్లీషు అంటారు.

ఐదోది కావాలనే చివరికి ఉంచినాను. దాని పేరు ఇండియన్!

తెల్లవారు మంత్రి బంటును రెండు గళ్ళు జరిపినప్పుడు, నల్లవారు బంటుతో ఎదురు నిలవక, ముందు రాజు వైపు గుర్రాన్ని బయటికి తెస్తారు. ఇందులో చాలా ఆటల్లో గుర్రం ముందరి బంటును ఒక్క గడే జరిపి, ఆ సందులో శకటును కూర్చోబెడతారు. ఐమూలగా బల్ల ఈ కొస నుంచి ఆ కొస దాకా దాని చూపు పడుతుంది. ఎదుటివాడు నడుమ మేడ కట్టుకోనీ, దాన్ని దూరం నుంచి కూలుద్దాం అనే ఉపాయం. ఇది చదివి నేను పుస్తకం మూసి కాసేపు ఊరికే కూర్చున్నాను. ఎందుకంటే మా జేజినాయన ఎత్తు ఇదే!

ఈ పేరు వెనక ఒక మనిషి ఉన్నాడు. 1848 ప్రాంతంలో కలకత్తాలో కోక్రేన్ అనే స్కాట్లండు న్యాయవాదికి, పల్లెనుంచి వచ్చిన మహేశ్‌చంద్ర బెనర్జీ అనే బ్రాహ్మణుడు తారసపడినాడు. ఇద్దరూ ఏళ్ళ తరబడి వందలకొద్దీ ఆటలు ఆడినారు. బెనర్జీ యూరప్ నియమాలతోనే ఆడినా, ఒక్క గడి బంటు, మూలచూపు శకటు అలవాటు చేతిని వదల్లేదు. 1855లో ఆయన ఆడిన ఒక ఆరంభాన్ని 1922లో వియన్నా ఆటగాడు గ్రున్‌ఫెల్డ్ పెద్ద పోటీలకు తెచ్చినాడు. దానికి గ్రున్‌ఫెల్డ్ పేరే నిలిచింది. మొత్తం తరగతికి మాత్రం ఇండియన్ అనే పేరు ఖాయమైంది. బెల్‌గ్రేడ్‌లో 1974 నుంచి అచ్చయిన ఓపెనింగుల సర్వస్వంలో ఐదు సంపుటాలు, 500 సంఖ్యలు. ఐదో సంపుటంలో ఎక్కువ భాగం ఈ ఇండియన్ ఆటలే.

అయితే పాత ఆట తెలిస్తే చాలు, పుస్తకం అక్కర్లేదు అనుకోకండి. పంజాబు పల్లెలో మన పద్ధతి నేర్చుకున్న మీర్ సుల్తాన్ ఖాన్ 1929లో లండన్ పోయి, ఆ ఏడే బ్రిటిష్ ఛాంపియన్ అయినాడు. 1932లోనూ 1933లోనూ మళ్ళీ గెలిచినాడు. 1930-31 హేస్టింగ్స్ పోటీలో కాపాబ్లాంకా అంతటివాణ్ణి ఓడించినాడు. అయినా ఆయనకు ఓపెనింగుల్లోనే కష్టం. తొలి ఎత్తుల్లో వెనకబడి, తర్వాత బుద్ధిబలంతో లాక్కొచ్చేవాడు. ఆయన యజమాని ఇంట్లోనే పనిచేసే ఫాతిమా అనే అమ్మాయి 1933లో బ్రిటిష్ మహిళల పోటీ గెలిచింది. సుల్తాన్ ఖాన్ పేరు విన్నవాళ్ళు కొందరైనా ఉన్నారు. ఫాతిమా పేరు మీలో ఎందరు విన్నారు, చెప్పండి?

మన తెలుగు గడ్డమీద ఆ కొరత తీరింది. 1987లో గుడివాడలో పుట్టిన కోనేరు హంపికి తండ్రి అశోక్‌గారే గురువు. 2002లో పదిహేనేళ్ళకే గ్రాండ్‌మాస్టర్ అయింది. అప్పటికి ప్రపంచంలో అంత చిన్న వయసులో ఆ హోదా అందుకున్న ఆడపిల్ల ఇంకొకరు లేరు. 2019లో, మళ్ళీ 2024లో మహిళల ప్రపంచ ర్యాపిడ్ ఛాంపియన్. రెండోసారి గెలిచేనాటికి ఆమె ఒక బిడ్డ తల్లి. ఎక్కువగా మంత్రి బంటుతోనే ఆట మొదలుపెడుతుంది కనుక, ఎదుటివాళ్ళు ఏ దేశంవాళ్ళైనా ఇండియన్ ఆటతోనే జవాబు చెప్పడం మామూలే. తమాషాగా లేదూ?

ఇదంతా పాపకు చెప్పినాను. వెంటనే ఏమీ అనలేదు. రాత్రి అన్నం తిన్నాక బల్ల తెచ్చి ముందు పెట్టి, "జేజినాయన ఎట్లా మొదలుపెడతాడో చూపించు" అన్నది. రాజు దూకుడు వదిలేసినాము. ఒక్క గడి బంటు, శకటు ఉంచుకున్నాము.

బెనర్జీ ఎత్తులు ఈనాడు మనకు తెలిసినాయంటే, ఎదుట కూర్చున్న కోక్రేన్ కాగితం మీద పెట్టినందువల్లే. మా నాపబండ మీది ఆటలు మాత్రం వాన పడిన రోజే బొగ్గుతోబాటు కొట్టుకుపోయినాయి. అందుకే ఆ రాత్రి పాప నోటుబుక్కు ఒకటి తెచ్చుకుంది. మొదటి పేజీలో జేజినాయన తొలి ఎనిమిది ఎత్తులు, నాకు గుర్తున్నంత వరకు, నేనే రాసిచ్చినాను. మీ ఇంట్లోనూ పెద్దవాళ్ళ ఆట ఏదైనా ఉంటే అడిగి రాసిపెట్టుకోండి. ఎసరు మరిగినట్టుంది, బియ్యం పొయ్యండి మరి!