మా ఎర్రుపాలెం పట్టాలు, సింగరేణి తారీఖు



మొన్న మా ఎర్రుపాలెం బడి పిల్లలతో కలిసి గనుల మ్యూజియం చూసొచ్చాను. హెల్మెట్లు, బొగ్గు పెళ్లలు, తట్టా చెమ్మస్, పాత సేఫ్టీ లాంపు అన్నీ చూశారు. లాంపు మంట మీద నీలం టోపీలా కనబడితే గనిలో గ్యాస్ ఉన్నట్టు, మంట ఆరిపోతే ఊపిరికి గాలి చాలనట్టు అని చెబితే నోరు తెరుచుకుని విన్నారు. బయటికొస్తుంటే నా నవాసీ అడిగింది: "నానా, ఇందులో మన ఊరి పేరు ఎక్కడా లేదేం?"

అప్పుడు జవాబు తోచలేదు. ఇప్పుడు రాస్తున్నా.

భద్రాచలం వెళ్లే యాత్రికులు ఇల్లందు అడవిలో పొయ్యి పెడితే రాళ్లే అంటుకున్నాయని మా పెద్దలు కహానీ చెప్పేవారు. దస్తావేజుల్లో ఉన్న మాట వేరు. 1871లో జియలాజికల్ సర్వేకు చెందిన డాక్టర్ విలియం కింగ్ ఇల్లందు దగ్గర బొగ్గు కనిపెట్టాడు. ఆయన పేరుతో ఒక బొగ్గు పొరను ఈనాటికీ కింగ్ సీమ్ అంటారు. పక్కనున్న సింగరేణి పల్లె పేరే కంపెనీకి వచ్చింది.

అప్పుడు తఖ్తు మీద ఆరో నిజాం మహబూబ్ అలీ పాషా. 1886లో ఇంగ్లండులో పుట్టిన హైదరాబాద్ దక్కన్ కంపెనీకి గనుల హక్కు దక్కింది. 1889లో ఇల్లందులో తవ్వకం మొదలైంది. ఆ ఏడే నిజాం రైలు బెజవాడ చేరింది. డోర్నకల్ నుంచి ఇల్లందుకు బొగ్గు కోసం కొమ్మ లైను పడింది.

బేటీ, మన ఊరు ఇక్కడుంది. డోర్నకల్ నుంచి బెజవాడ వెళ్లే పట్టాలు ఖమ్మం, మధిర దాటి మన ఎర్రుపాలెం మీదుగానే పోతాయి. అప్పట్లో ఇటువైపు నిజాం హుకూమత్, అటు కొండపల్లి వైపు మద్రాసు ప్రెసిడెన్సీ. ఆ సర్హద్ దాటి బొగ్గు కోస్తాకు పోయింది మన గుమ్మం ముందు నుంచే.

నిజాం పేరు ఎత్తగానే మనలో కొందరు అంతా నూరే అంటారు, బయట కొందరు అంతా చీకటే అంటారు. రెండూ సగం మాటలే. రైలూ గనీ ఆ కాలంలో వచ్చిన మాట నిజం. ఆ గనుల కంపెనీ వాటాల బేరంలో గోల్‌మాల్ జరిగిందని 1888లో లండన్ పార్లమెంటు కమిటీ వేసి విచారించిన మాటా నిజం. అందులో హుకూమత్ పెద్ద అధికారి అబ్దుల్ హఖ్ పేరు బయటికొచ్చింది. మనవాడని దాచితే అది తారీఖు కాదు, తరఫ్‌దారీ.

1920 డిసెంబరు 23న సింగరేణి కాలరీస్ ఏర్పడి పాత కంపెనీ ఆస్తులు తీసుకుంది. 1937లో కొత్తగూడెంలో తవ్వకం మొదలైంది. 1945లో నిజాం సర్కారు ఎక్కువ వాటాలు కొనేసింది.

ఇవన్నీ పెద్దల పేర్లు, కంపెనీల పేర్లు. పైకప్పు తట్టి చూసి, గ్యాస్ చూసి, మజ్దూర్లను లోపలికి పంపే మనిషిని గనిలో సర్దార్ అంటారు. ఆ ఫార్సీ మాట గని చట్టాల్లోకే ఎక్కింది. కానీ తట్ట మోసిన మనిషి పేరు ఏ పొరకూ పెట్టలేదు. వాళ్లలో హిందువులున్నారు, ముసల్మానులున్నారు, ఆదివాసులున్నారు. పైకొచ్చాక అందరి ముఖం ఒకే రంగు.

వేల్స్‌లో బిగ్ పిట్ అనే గని 1980లో మూతపడి, 1983లో మ్యూజియంగా తెరుచుకుంది. పాత గని మజ్దూర్లే అక్కడ గైడ్లయ్యారు. అద్దాల పెట్టె కన్నా ఆ నోటి గవాహీ విలువైనది.

మన ఇళ్లలోనూ అలాంటి దాదాలు, నానీలు ఉన్నారు. ఈ ఎండాకాలం సెలవుల్లో పిల్లలూ, ఒక నోట్‌బుక్ తీసుకుని వాళ్ల దగ్గర కూర్చోండి. ఏ గని, ఏ షిఫ్టు, పక్కన ఎవరు పనిచేశారు అని అడిగి పేర్లు రాయండి. మ్యూజియంలో లేని పేరు ముందు మన ఇంట్లో అయినా ఉండాలి. ఆ నోట్‌బుక్ మొదటి పేజీలో ఎర్రుపాలెం అని రాసుకో బేటీ.

ఖుదా హాఫిజ్.