వేడినీటి బుగ్గల బాట

అమెరికా సంయుక్త రాష్ట్రముల దక్షిణ భాగమున, ఆర్కాన్సా రాష్ట్రములో, హాట్ స్ప్రింగ్స్ అను పట్టణము కలదు. అచ్చటి కొండవాలున నలువదికి పైగా వేడినీటి బుగ్గలు పుట్టుచున్నవి. నీటి వేడిమి సుమారు 62 డిగ్రీల సెంటిగ్రేడు. చేయి పెట్టినచో బొబ్బలెక్కును. 1804లో అధ్యక్షుడు జెఫర్సన్ పంపగా డన్‌బార్, హంటర్ అనువారు వచ్చి ఈ నీటిని పరిశీలించిరి. 1832లో ప్రభుత్వము ఈ స్థలమును ప్రజలకై ప్రత్యేకించెను. ఎల్లోస్టోన్ జాతీయ వనము ఏర్పడుటకు ఇది నలువది ఏండ్లు ముందటి మాట.

ఈ వేడికి కారణము అగ్నిపర్వతము కాదు. కొండలపై కురిసిన వాన రాతిపగుళ్ల గుండా మెల్లగా మైలు లోతు వరకు దిగును. లోతు పెరిగినకొలది రాతి వేడియు పెరుగును. కాగిన నీరు భూమిలోని పెద్దచీలిక వెంట వడిగా పైకి వచ్చును గనుక చల్లారుటకు వ్యవధి ఉండదు. కార్బన్-14 లెక్కను బట్టి ఈ నీటిలో అధికభాగము సుమారు 4,400 ఏండ్ల క్రిందటి వాన!

అచ్చటినుండి తూర్పుగా మిసిసిపీ నదిని దాటి, అలబామాలోని చిన్న ఊళ్ల మీదుగా మోటారులో పోయినచో జార్జియాలోని వార్మ్ స్ప్రింగ్స్ వచ్చును. ఇచ్చటిదియు లోతునకు దిగి వచ్చిన వాననీరే. కాని ఇది గోరువెచ్చన, సుమారు 31 డిగ్రీలు. ఎంతసేపైనను ఇందులో ఉండవచ్చును.

1921లో పోలియో సోకి కాళ్లు చచ్చుబడిన ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్టు 1924 అక్టోబరులో ఇచ్చటికి వచ్చెను. నేలమీద కదలని కాళ్లను ఆయన నీటిలో కదల్పగలిగెను. జనులు దానిని నీటి మహిమ అనిరి. నూతిలో మునిగి ఉన్నంతసేపు తేలికగా ఉన్న నిండుబిందె నీటిపైకి రాగానే బరువగుట పాఠకులెరిగినదే, ఇదియు అంతే. చచ్చిన నాడీకణములను ఏ నీరును బ్రతికింపలేదు. మిగిలిన కండరములకు మాత్రము సాధన దొరకెను. రూజ్‌వెల్టు 1926లో ఆ స్థలమును కొని, మరుసటి ఏట చికిత్సాసంస్థను స్థాపించెను. 1938లో పోలియో నివారణకై జాతీయనిధిని నెలకొల్పెను. 1945 ఏప్రిల్ 12న ఇచ్చటనే మరణించెను. సరిగా పదేండ్లకు, 1955 ఏప్రిల్ 12న, ఆ నిధి సాయముతో సాక్ తయారుచేసిన టీకా ఫలించినదని ప్రకటించిరి.

ఇంతవరకు అందరును చెప్పుకొను కథ. 1930 తరువాతి ఏండ్లలో వార్మ్ స్ప్రింగ్స్‌లో నల్లజాతి రోగులను చేర్చుకొనలేదు. వారు అచ్చట పనివారుగా మాత్రమే ఉండిరి. హాట్ స్ప్రింగ్స్‌లోని పేరుపొందిన స్నానశాలలలోను ఇదే వరుస: తెల్లవారికి స్నానము చేయించువారు నల్లవారు, ఆ తొట్టెలలో దిగుటకు మాత్రము వారికి హక్కు లేదు. నల్లవారికి పోలియో అంతగా సోకదని కొందరు వైద్యులు నమ్ముటయు వారికి చికిత్స అందకుండుటకు ఒక కారణమాయెను. రోగులను చూడనిచోట రోగము కనబడదు గదా!

వార్మ్ స్ప్రింగ్స్‌కు రెండు గంటల ప్రయాణము కూడ లేని అలబామా ఊరు టస్కెగీ. 1941లో, జాతీయనిధి ధనముతోనే, నల్లజాతి పిల్లలకై పోలియో చికిత్సాకేంద్రమును అచ్చట తెరచిరి. నల్లజాతి వైద్యులకు, నర్సులకు అచ్చట శిక్షణ దొరకెను. ఆ విద్యాసంస్థలోనే 1953 నుండి ఒక ప్రయోగశాల పనిచేసెను. సాక్ టీకా వలన పిల్లల రక్తములో రక్షణ కలిగినదా లేదా అని పరీక్షించుటకు సజీవ మానవకణములు కావలెను. వానిని టస్కెగీలో పెంచి దేశమందలి ఇతర ప్రయోగశాలలకు పంపుచుండిరి. హీలా అను ఆ కణములు 1951లో హెన్రియెటా లాక్స్ అను నల్లజాతి స్త్రీ దేహమునుండి, ఆమెను అడుగకయే, తీసినవి.