కంబళీ గింబళీ

"కనుకవ్వు కరా." ఎల్లంతకుంటలో చిన్నప్పుడు పెద్దవాళ్ళ ముందే దర్జాగా ఇట్లా మాట్లాడుకునేవాళ్ళం. నువ్వు రా అని అర్థం. ప్రతి అక్షరానికీ ముందు ఒక 'క' తగిలిస్తే క భాష తయారు. కొందరు 'చ' తగిలిస్తారు. కిటుకంతా వేగంలోనే. నిదానంగా పలికామా, అమ్మకు దొరికిపోయినట్టే.

కథల కోసం భాషలు కట్టేవాళ్ళూ ఇలాంటి ఆటతోనే మొదలవుతారేమో. 'బాహుబలి' సినిమాలో కాలకేయులు మాట్లాడే కిలికి భాషనే తీసుకోండి. దాన్ని కట్టిన తమిళ కవి మదన్ కార్కి ఆస్ట్రేలియాలో ఉన్న రోజుల్లో పిల్లలతో ఆటగా ఓ వంద మాటలు అల్లి, ఆ భాషకు 'క్లిక్' అని పేరు పెట్టుకున్నాడు. 2015లో రాజమౌళి సినిమాకొచ్చేసరికి అదే కిలికి అయింది. 750 మాటలు, 40 వ్యాకరణ సూత్రాలు. 'మిన్' అంటే నేను, తిరగేసి 'నిమ్' అంటే నువ్వు. కాలకేయుడిగా వేసిన ప్రభాకర్ నోట నాలుక టకటకలతో అది వింటే ఒళ్ళు జలదరించింది, నిజమే. 2020 ఫిబ్రవరి 21న, మాతృభాషా దినోత్సవం నాడు, దాన్ని లోకానికి విడుదల కూడా చేశారు. అయినా థియేటర్ దాటి మన నాలుక మీదికి ఎక్కిన కిలికి మాట ఏదంటే నేనైతే తడుముకోవాల్సిందే.

'బాహుబలి'కి 58 ఏళ్ళ ముందు, 1957లో, 'మాయాబజార్' సినిమా రాసిన పింగళి నాగేంద్రరావు సూత్రాల చిట్టా ఏదీ ముందు పెట్టుకున్నట్టు కనిపించదు. మన నోటి అలవాట్లే ఆయనకు సూత్రాలు. మా వైపు ఇంటికొచ్చిన మనిషిని "చాయ్ గీయ్ తాగుతవా" అని అడుగుతారు. పులీ గిలీ, పామూ గీమూ. మొదటి అక్షరం తీసి 'గి' పెడితే 'అలాంటివేవో' అని అర్థం. గీయ్ ఏ గ్లాసులోనూ ఉండదు. పింగళి ఆ లేనిదాన్ని పట్టుకొచ్చి వస్తువును చేశాడు. కంబళికి గింబళి, తల్పానికి గిల్పం. ఘటోత్కచుడి మాయలో అవి కదిలి కూర్చున్నవాళ్ళ పనిపడితే, ఇన్నాళ్ళూ ఊరికే నోట్లో తిరిగిన 'గి'కి చేతులొచ్చాయి అనిపిస్తుంది నాకు.

టోల్కిన్ కూడా ఆక్స్‌ఫర్డ్‌లో చదివేటప్పుడు ఫిన్నిష్ వ్యాకరణ పుస్తకం చూసి మురిసిపోయి, ఆ రుచితోనే తన ఎల్ఫుల భాష క్వెన్యాకు పునాది వేసుకున్నాడు. ఆయన పరాయి భాషను చూసి మోజుపడ్డాడు. పింగళికి అరుగు మీద వినిపించే తెలుగే సరిపోయింది.

ఇక 'మాయాబజార్'లోని 'అసమదీయులు'. అస్మదీయులంటే మనవాళ్ళు. రాక్షస శిష్యుల నోట సంయుక్తాక్షరం విరిగి మధ్యలో ఒక అచ్చు దూరింది. రత్నం రతనం అయినట్టు, లక్ష్మి లచ్చిమి అయినట్టు. దుష్టచతుష్టయం కూడా వాళ్ళకు దుసటచతుసటయమే. ఇంతవరకు పల్లె నోటి పద్ధతే. అసలు తెగింపు 'తసమదీయులు' దగ్గర ఉంది. సంస్కృతంలో అస్మదీయ ఉంది, యుష్మదీయ ఉంది, తదీయ ఉంది. తస్మదీయ లేదు. మనవాళ్ళు అసమదీయులైతే పగవాళ్ళు తసమదీయులు కావాలి కదా అని ఒక శిష్యుడి లెక్క. ఘటోత్కచుడు మెచ్చుకుని వీరతాడు వేయించాడు కూడా. కార్కి మిన్‌ను తిరగేసినా, పింగళి 'త' తగిలించినా, ఇద్దరూ ముందుగా గీసుకున్నది మనకూ ఎదుటివాడికీ మధ్య గీతే.

ఆ తర్వాత జరిగిన తమాషా మాత్రం పింగళి చేతిలో లేదు. ఎన్నికలొస్తే, పదవుల పంపకమొస్తే పత్రికల్లో అస్మదీయులు, తస్మదీయులు అని కనిపిస్తుంది. విరిగిన అసమదీయులను అతికించే ఊపులో, ఎన్నడూ లేని తసమదీయులకు కూడా మావత్తు పెట్టి సంస్కృతం చేసేశారు. పరీక్షలో రాస్తే సంస్కృతం సారు కొట్టేయాలి. తెలుగు సారు మార్కు వేస్తాడు.