కూత పెట్టని కుక్కర్

కరెంటు ప్రెషర్ కుక్కర్‌ను గ్యాస్ పొయ్యి మీది విజిల్ కుక్కర్‌కు వారసురాలిగా చూడటం మామూలే. యంత్రం మటుకు చూస్తే అది నిజం. ఆ వంశం 1679 దాకా పోతుంది. డెనిస్ పపిన్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త లండన్‌లో ఎముకల్ని సైతం మెత్తబరిచే ఆవిరి పాత్ర చేశాడు, ఒత్తిడి మితిమీరితే వదిలేసే వాల్వూ ఆయన ఆలోచనే. మన దేశంలో ప్రెస్టీజ్, హాకిన్స్ రెండూ 1959లో రంగంలోకి దిగాయి. కానీ ఏ అవసరం తీర్చడానికి వచ్చిందని అడిగితే, కరెంటు కుక్కర్‌కు అసలు తాత వేరే. 1910 ప్రాంతంలో కలకత్తాలో డాక్టర్ ఇందుమాధవ్ మల్లిక్ తయారుచేసిన ఇక్మిక్ కుక్కర్ అది. పొడుగాటి డబ్బా, అడుగున బొగ్గుల కుంపటి, పైన ఒకదాని మీద ఒకటి గిన్నెలు. ఒకదాంట్లో బియ్యం, ఒకదాంట్లో పప్పు, ఇంకోదాంట్లో కూర. బొగ్గులు రాజేసి పని మీద వెళ్తే తిరిగొచ్చేసరికి భోజనం సిద్ధం. అందులో పెద్ద ఒత్తిడీ లేదు, వేగమూ లేదు. ఎవరూ పక్కన నిలబడనక్కర్లేదు, అంతే.

పప్పు విషయంలో ఈ కాపలా చిన్నదేమీ కాదు. గిన్నెలో ఎసరు మరిగి కందిపప్పు పడగానే నురగ పైకి లేస్తుంది. మూత ఓరగా పెట్టాలి, నీళ్లు ఇగిరితే వేడినీళ్లు పోయాలి, మధ్యమధ్య ఓ బద్దను వేళ్ల మధ్య నలిపి చూడాలి. విజిల్ కుక్కర్ 15 పౌండ్ల ఒత్తిడితో లోపలి వేడిని 121 డిగ్రీలకు చేర్చి ఎంతో సమయం మిగిల్చింది గానీ కాపలా తప్పించలేదు. కూతలు లెక్కపెట్టాలి, మంట తగ్గించాలి, ఏమరుపాటుగా ఉంటే పసుపు నురగ పొయ్యంతా చిమ్ముతుంది. మనిషి వంటింట్లో లేకపోయినా చెవి అక్కడే ఉంటుంది. కరెంటు కుక్కర్‌లో ఆ ఒత్తిడిని గమనించి వేడిని ఆపే పని యంత్రానిదే.

జనం దీన్ని కొనేది తొందర కోసమే కదా అంటారు. లెక్క వేరేలా ఉంది. ఇవి సాధారణంగా 10 నుంచి 12 పౌండ్ల దగ్గరే పనిచేస్తాయి, అంటే పొయ్యి మీది కుక్కర్ కన్నా వేడి తక్కువే. ఒత్తిడి ఎక్కడానికి పది నిమిషాలు, ఉడకడానికి దాదాపు అంతే, ఆవిరి తనంతట తాను దిగడానికి మరో పది, పదిహేను. తొందరపడి వాల్వు తెరిస్తే నురగ ఎగజిమ్ముతుంది. 2010లో కెనడాలో ఇన్‌స్టంట్ పాట్ వచ్చాక అమెరికాలోని తెలుగువాళ్లూ దాన్ని వంటింట్లోకి తెచ్చుకున్నారు. ఇండియా నుంచి పెట్టెలో తెచ్చుకున్న విజిల్ కుక్కర్‌తో వేగం వాళ్లకు అప్పటికే ఉంది. లేనిదల్లా పొయ్యి దగ్గర నిలబడే తీరిక.

రుచి మాటేమిటి అనే అభ్యంతరం కొట్టిపారేయదగ్గది కాదు. మూత బిగిస్తే బద్ద ఎంత ఉడికిందో చూసి ఆపే వీలుండదు. పలుకు మిగలాల్సిన పెసరపప్పు పొడికూరకు గిన్నే మేలు. ముద్దపప్పును ఎలాగూ గుత్తితో మెదిపేస్తాం కాబట్టి దానికి ఈ నష్టం లేదు. వంట అయ్యేదాకా వంటింట్లోనే ఉండేవాళ్లకు మాత్రం పాత విజిల్ కుక్కరే చాలు, డబ్బు దండగ చేసుకోనక్కర్లేదు.