లంబసింగి ఘాట్‌లో లైటు పోయింది

డిసెంబరు రాత్రి. లంబసింగి నుంచి నర్సీపట్నం వైపు ఘాట్ దిగుతున్నావు. మంచు రోడ్డు మీదికి వచ్చి కూర్చుంది. గ్లౌజులు లేని వేళ్లు కొయ్యబారిపోయాయి. కింద పాత హీరో హోండా స్ప్లెండర్, వెనక బామ్మర్ది, ఇద్దరి మధ్యా చింతపల్లిలో కొన్న కాఫీ గింజల సంచి.

మలుపు అవతల హారన్. ఆర్టీసీ బస్సు పైకి వస్తోంది. మర్యాదకి డిప్ కొట్టావు. బస్సాయన కొట్టలేదు. ఆ వెలుగంతా నీ కళ్లలో గుమ్మరించి పక్కనుంచి వెళ్లిపోయాడు. బొటనవేలితో మళ్లీ అప్పర్ వేశావు.

చీకటి.

డిప్ వేశావు. చీకటే. అప్పర్. చీకటే.

బండి మాత్రం దిగుతూనే ఉంది. రోడ్డు తడిగా ఉంది. ముందు బ్రేకు పట్టకు. యాక్సిలరేటర్ వదిలెయ్. క్లచ్ పట్టకు, ఇంజనే బండిని ఆపనీ. వెనక బ్రేకు మెల్లగా. ఎడమ ఇండికేటర్ వెయ్.

టిక్. నారింజ వెలుగు. రోడ్డంచున తెల్లగీత. పోయింది.

టిక్. గడ్డి, రాయి. పోయింది.

టిక్. గీత వంపు తిరిగింది. తిరుగు.

కొండ వైపు కాస్త వెడల్పుంది. ఎక్కించెయ్. ఆగావు.

"ఏటయింది బావా?"

ఇంజను ఆపబోతున్నావు. ఆపకు. ఈ బండిలో హెడ్‌లైటుకు కరెంటు బ్యాటరీ నుంచి రాదు. ఇంజను తిరిగితే మ్యాగ్నెట్ కాయిల్లో పుట్టే ఏసీ కరెంటుతో వెలుగుతుంది. అందుకే రేజ్ చేస్తే పెరుగుతుంది, స్లోలో పెడితే నీరసపడుతుంది. ఇండికేటర్లకి, హారన్‌కి, బ్రేకు లైటుకి బ్యాటరీ. ఒకే బండిలో రెండు కాపురాలు. ఒకటి కూలినా ఇంకోటి నిలబడి ఉంది కాబట్టే ఇందాక గీత కనిపించింది.

బామ్మర్ది అప్పుడే ఫోన్ టార్చి వేసి, టూల్ కిట్‌లోంచి స్క్రూడ్రైవర్ తీశాడు. అందులో స్పేర్ బల్బు కూడా ఉందని వాడికి తెలుసు. "బల్బు పోయుంటాది. డూమ్ విప్పేద్దాం."

విప్పొచ్చు. ఈ చలిలో, ఈ వేళ్లతో, రెండు స్క్రూలు తీసి, ఒకటి గడ్డిలో పారేసుకుని, పాత బల్బు తీసి కొత్తది పెట్టి, అయినా వెలగక మొహాలు చూసుకోవచ్చు. ముందు బండినే అడుగు.

వెనక్కి తిరిగి చూడు. టెయిల్ లైటు ఎర్రగా వెలుగుతోంది. ముందుకు చూడు. స్పీడోమీటర్ బల్బు కూడా వెలుగుతోంది. ఆ రెండూ హెడ్‌లైటుతో పాటు ఏసీ కాపురంలోవే. అంటే కాయిల్ బతికే ఉంది. కుడిచేతి దగ్గరి లైటు స్విచ్చి కరెంటు వదులుతోంది. రెగ్యులేటర్ కూడా పోలేదు. అది పోయుంటే, రేజ్ చేసినప్పుడు వోల్టేజీ ఎగబాకి ఈ చిన్న బల్బులు కూడా ఒకదాని వెనక ఒకటి మాడిపోయేవి.

మిగిలినవి మూడే: డిప్పర్ స్విచ్చి, బల్బు, ఎర్త్.

అప్పర్ వెయ్. మీటర్లో ఉండే నీలం చుక్క చూడు.

వెలగలేదు.

ఇదీ అసలు సంగతి. ఆ నీలం బల్బుకీ హెడ్‌లైటు అప్పర్‌కీ డిప్పర్‌లోంచి ఒకే వైరు మీద కరెంటు వస్తుంది. పోయింది హెడ్‌లైటు బల్బే అయితే నీలం చుక్క దాని మానాన అది వెలగాలి. వెలగలేదంటే డిప్పర్‌లోంచి కరెంటు బయటికే రావడం లేదు. డూమ్ జోలికి పోనక్కర్లేదు.

ఇప్పుడు ఇంజను ఆపు. తాళం కూడా తీసెయ్, హారన్ వైరుండేది ఈ స్విచ్చిలోనే. ఎడమ గ్రిప్ పక్కన, కింది నుంచి రెండు స్క్రూలు. బామ్మర్దిని దోసిలి పట్టమను. స్విచ్చి మెల్లగా విప్పు. లోపల స్ప్రింగూ ఉక్కు గుండూ ఉంటాయి, ఎగిరాయంటే పొద్దున దాకా వెతుక్కోవాలి.

టార్చి దగ్గరికి తే.

ఇత్తడి కాంటాక్టుల మీద పచ్చగా చిలుము. ఒకదాని చుట్టూ ప్లాస్టిక్ కరిగి, గోధుమరంగు చుక్కలా గట్టిపడింది. ముక్కు దగ్గర పెట్టుకుంటే మాడు వాసన. ఇది ఒక్క రాత్రిలో జరిగింది కాదు. వాటర్ సర్వీసింగ్‌లో ప్రెషర్ గొట్టం హ్యాండిల్ మీద పెట్టిన ప్రతిసారీ లోపలికి కాస్త నీరు దిగింది. చిలుము పట్టింది. 35 వాట్ల బల్బు, 12 వోల్టులు. దాదాపు 3 ఆంపియర్లు రిలే కూడా లేకుండా నీ బొటనవేలి కింద ఆవగింజంత ఇత్తడి మీదుగా పోతాయి. చిలుము అడ్డుపడితే ఆ చోటు కాగుతుంది. కాగితే ప్లాస్టిక్ మెత్తబడుతుంది. మెత్తబడితే కాంటాక్టు కిందికి జారుతుంది. ఇంకా వదులవుతుంది, ఇంకా కాగుతుంది.

అగ్గిపెట్టె గరుకు వైపుతో రుద్దు. ఇత్తడి మెరిసింది. బిగించి కిక్ కొట్టు. లైటు వచ్చింది! బామ్మర్ది ఈల వేశాడు. హ్యాండిల్ మీద అరచేత్తో ఒక్కటి చరిచి చూడు.

పోయింది.

కరిగిన ప్లాస్టిక్ కాంటాక్టుని పట్టి ఉంచదు. ఇలాగే దిగితే మొదటి గుంటలోనే మళ్లీ చీకటి, ఈసారి పక్కన కొండే ఉంటుందన్న పూచీ లేదు. ఇక్కడే పడుకోవచ్చు. లేదా డిప్పర్‌ని పక్కన పెట్టి వైర్లు నేరుగా కలపొచ్చు.

కలుపు. మళ్లీ ఇంజను ఆపు, తాళం తియ్. హోండా రంగుల్లో నీలం అప్పర్, తెలుపు డిప్, ఆకుపచ్చ ఎర్త్. లైటు స్విచ్చి నుంచి డిప్పర్‌లోకి వచ్చే వైరుని దేనితో కలపాలి? చెయ్యి నీలం వైపు పోతుంది, దూరం కనబడుతుందని. మంచులో అప్పర్ వేస్తే ఎదురుగా తెల్లగోడ లేస్తుంది తప్ప రోడ్డు కనపడదు. తెలుపుతో కలుపు. పళ్లతో తొడుగు పీకకు, బ్లేడుంది. రాగిపోగులు మెలిపెట్టు. టేపు గట్టిగా చుట్టు. ఆకుపచ్చకి ఎక్కడా తగలనీకు. తగిలిందా, కరెంటంతా ఎర్త్‌లోకి పోయి ఇందాక వెలిగిన టెయిల్ లైటు కూడా ఆరిపోతుంది.

కిక్.

రోడ్డు కనబడింది. ముందు చక్రానికి కాస్త దూరంలో పచ్చటి వెలుగు, అంచున గీత. హ్యాండిల్ మొత్తం ఎడమకి తిప్పు. కుడికి తిప్పు. ఈ వయసు బండ్లలో మెడ దగ్గర వంగి వంగి వైర్లు లోపలే తెగుతాయి. అదైతే ఇప్పుడే మినుకుమనాలి. మినుకుమనలేదు. అరచేత్తో చరిచి చూడు. నిలబడింది.

స్విచ్చి పైన టేపు చుట్టేసి ఎక్కారు. వాలు మొదలైంది. వెనక నుంచి బామ్మర్ది భుజం తట్టాడు.

"న్యూట్రల్ చేసెయ్ బావా, దిగుడే కదా. పెట్రోలు కలిసొస్తాది."

"చేస్తే ఇంజను స్లోలోకి పోద్ది, లైటు గుడ్డిదవుద్ది. నువ్వు కాఫీ సంచి పట్టుకో."

రెండో గేరు. ఇంజను గుర్రుమంటోంది. లైటు తెల్లబడింది.