పలక ఎవరి కోసం మోగాలి? - తిరుపతి, చిత్తూరు సీమలో తోలు వాద్యం, వేదిక, కొత్త తరం

తిరుపతి సంగీత చరిత్ర రాయమంటే ఎవరైనా అన్నమయ్యతోనే మొదలుపెడతారు. 1408లో పుట్టి 1503లో పోయిన ఆ పదకర్త, రాగిరేకుల మీద చెక్కిన ఆయన పదాలు, 1922లో తిరుమల సంకీర్తన భండారం నుంచి ఆ రేకులు వెలుగులోకి రావడం, ఆ తర్వాత దేవస్థానం ప్రచురణలు, కచేరీలు - వరస సిద్ధంగా ఉంటుంది. ఈ చరిత్రను మేం కాదనడం లేదు. అయితే ఇదే సీమలో ఏ రేకు మీదకీ ఎక్కని సంగీతం ఇంకొకటి ఉంది. దాని రాత అంతా తోలు మీదే. ఆ తోలును ఒలిచి, నానబెట్టి, ఆరబెట్టి, కట్టెచట్రానికి బిగించి, మంట దగ్గర కాచి మోగించిన వాళ్ల పేర్లు ఏ భండారంలోనూ లేవు. దళిత చరిత్ర రాసేవాళ్లు మొదలుపెట్టాల్సింది ఇక్కడి నుంచే అని మా ఉద్దేశం.

కోస్తాలో, తెలంగాణలో డప్పు అనేదాన్ని మా వైపు పలక అంటారు, తప్పెట అని కూడా అంటారు. 1911లో ఉత్తర ఆర్కాటు నుంచి, కడప నుంచి తాలూకాలు కలిపి చేసిన జిల్లా చిత్తూరు. 2022లో తిరుపతి దీన్నుంచి వేరుపడింది. అందుకే ఇక్కడి వాద్యానికి ఒకవైపు తమిళ పఱై, ఒకవైపు తెలుగు డప్పు చుట్టాలు. ఆ పఱై నుంచి పుట్టిన కులం పేరునే ఇంగ్లీషువాళ్లు ఎత్తుకెళ్లి, వెలివేసిన మనిషిని పిలిచే మాటగా చేసి ప్రపంచమంతా తిప్పారు. ఒక వాద్యం పేరు తిట్టుగా మారిన ఉదాహరణ ఇది. వీణ వాయించేవాడికి గానీ మృదంగం వాయించేవాడికి గానీ ఈ గతి పట్టలేదు. మృదంగానికీ తోలే కదా! తోలు తయారుచేసిన చేయి వేరు, వాయించే చేయి వేరు అయితే అది శాస్త్రీయం. రెండు చేతులూ ఒకే కులానివి అయితే అది అంటు. సంగీతంలో శుద్ధి, అశుద్ధి అన్న లెక్క ఇలాగే నడిచింది.

ఊళ్లో పలకకు పని చాలా ఉండేది. చావుకు మోగాలి, జాతరకు మోగాలి, పీర్ల పండక్కి మోగాలి, ఊరి కట్టుబాటు చాటింపు వెయ్యాలి. ఇవన్నీ ఊరి అవసరాలు. మోగించేవాడి అవసరం మాత్రం ఎవరూ అడగలేదు. కళ్లంలో కొలిచే మేర గింజలతో, మిగిలిన కూటితో సరిపెట్టారు. దీన్నే మన పండితులు గ్రామీణ సహజీవనం అని రాసుకున్నారు. రానని చెప్పే హక్కు లేని చోట సహజీవనం ఎక్కడిది? అది వెట్టి. 1984లో కరణం, మునసబు పదవులు రద్దయ్యాయి. చాటింపు వేసే కులం మాత్రం ఏ జీవోతోనూ రద్దు కాలేదు.

జాతర సంగతి కొంచెం విడిగా చెప్పుకోవాలి. మే నెలలో వచ్చే తిరుపతి గంగమ్మ జాతరకు టిక్కెట్టు లేదు, ముందు వరస లేదు. వీధే వేదిక. ఆడవాళ్లను చెరబట్టే పాలెగాణ్ణి వెతుకుతూ గంగమ్మ రోజుకొక వేషం కడుతుంది. బైరాగి, బండ, తోటి వేషాలు దాటి దొర వేషంలో వాణ్ణి చంపుతుంది, మాతంగి వేషంలో వాడి భార్యను ఓదారుస్తుంది. ఈ వేషాలు కట్టే హక్కు కైకాల కుటుంబాలది. మామూలు జనం కూడా మొక్కుకుని వేషాలు వేస్తారు. మగవాళ్లు చీరలు కట్టి తిరుగుతారు. అందరికీ చోటున్న కళ ఎలా ఉంటుందో చూడాలంటే ఇంతకన్నా మంచి ఉదాహరణ లేదు. అయితే ఒక్క ప్రశ్న వెయ్యక తప్పదు. దేవత తోటి వేషంలో వస్తే మొక్కే వీధి, వేషం లేని తోటి మనిషి మామూలు రోజున వస్తే ఏం చేసింది? జాతర ఏడు రోజులు తెరిచిన తలుపు మిగతా రోజులు మూసే ఉంది. కలుపుకోవడం అనేది పండగకు పరిమితమైతే, అది వెలికి విరామమే గానీ ముగింపు కాదు.

1985 జూలై 17న కారంచేడు, 1991 ఆగస్టు 6న చుండూరు. ఈ రెండు తేదీల మధ్య పెరిగిన తరం ఆత్మగౌరవం అనే మాటను పిడికిలిలో పట్టుకుంది. చావుకు పలక కొట్టం, పశువు కళేబరం ఎత్తం అని చెప్పడం ఆ కాలపు రాజకీయ చర్య. కులం పేరుతో ఎవరితోనైనా బలవంతంగా వెట్టి చేయిస్తే నేరమని 1989 అత్యాచారాల నిరోధక చట్టం చెప్పింది. పలక కింద పెట్టిన కుర్రవాళ్లను చూసి కళ చచ్చిపోతోందని వాపోయిన పెద్దమనుషులు మనకు తెలుసు. కళ మీద అంత ప్రేమ ఉన్నవాళ్లు తమ పిల్లలకు ఒక్క దరువైనా నేర్పించి ఉండాల్సింది. నేర్పించలేదు. వాళ్లకు కావలసింది కళ కాదు, కొట్టేవాడు.

ఇక్కడే చరిత్ర ఒక మలుపు తిరిగింది. 1994 జూలైలో ప్రకాశం జిల్లా ఈదుముడిలో పుట్టిన పోరాట సమితి తన ఉద్యమానికి దండోరా అని పేరు పెట్టుకుంది. ఊరి మాటను చాటడానికి పుట్టిన చప్పుడు, వాడ మాటను చాటడం మొదలుపెట్టింది. వాద్యం అదే, దరువూ అదే కావచ్చు. ఎవరి కబురు అన్నది మారింది. మాదిగ హక్కుల ఉద్యమంలో ప్రదర్శన అంటే డప్పు, డప్పు అంటే ప్రదర్శన అన్నంతగా అది ఎదిగింది. దళిత కవులు తమ సంకలనాలకు 'చిక్కనవుతున్న పాట', 'పదునెక్కిన పాట' అని పేర్లు పెట్టుకున్న కాలం కూడా ఇదే. కవిత్వం తనను తాను పాట అని పిలుచుకుంది. ఆ పాటకు తాళం పట్టిన పలక కళాకారుడికి మాత్రం పుస్తకంలో పేజీ దొరకలేదు. ఈ వెలితి మన వైపుది, పూడ్చుకోవాల్సిందీ మనమే.

పొరుగున తమిళనాడులో ఏం జరిగిందో చూడాలి. దిండిగల్లులో 1990లో సిస్టర్ చంద్ర మొదలుపెట్టిన శక్తి జానపద కళాకేంద్రంలో దళిత యువతులు పఱై పట్టారు. మగవాళ్ల చావు వాద్యం అన్న ముద్రను ఆడపిల్లలే చెరిపేశారు. 2014-15లో చెన్నై ఊరూర్ ఆల్కాట్ కుప్పంలో టి.ఎం. కృష్ణ, ఆయన మిత్రులు, ఆ పల్లె జనం కలిసి పండగ జరిపారు. సభల్లో ఇరుక్కున్న కర్ణాటక సంగీతం సముద్రపుటొడ్డుకు వచ్చింది. 2018 జనవరిలో పా. రంజిత్ నీలం సంస్థ పూనికతో క్యాస్ట్‌లెస్ కలెక్టివ్ అనే యువ బృందం చెన్నైలోనే వేదికెక్కింది. గానా, ర్యాప్, పఱై ఒక్కచోట మోగాయి. ఈ రెండు చెన్నై ప్రయత్నాలకూ తేడా ఉంది. మొదటిదానిలో పై సంగీతం కిందికి నడిచి వచ్చింది. రెండోదానిలో కింద అనిపించుకున్న సంగీతమే తన వేదిక తాను కట్టుకుంది. రెండూ కావాలి. కానీ మొదటిదే మొత్తం అనుకుంటే మోసపోతాం.

ఎందుకంటే మన తిరుపతిలో మొదటిది చూశాం. 2007-08లో దేవస్థానం దళితగోవిందం పేరుతో దేవుణ్ణి దళితవాడలకు తెచ్చి కల్యాణాలు చేసింది. శతాబ్దాలుగా వాడ వైపు చూడని దేవుడు వాడకు రావడం చిన్న విషయం కాదు, వచ్చినప్పుడు వాడ సంతోషించింది కూడా. మరి వాడ పలక కొండెక్కిందా? దేవస్థానం సభామందిరాల్లో ఏడాది పొడుగునా మేళాలు, గాత్రాలు, హరికథలు నడుస్తాయి. పలక జట్టుకు అందులో ఒక సాయంత్రం పూర్తి కచేరీగా, ఊరేగింపులో తోడుగా కాకుండా, ఇవ్వాలని మేం అడుగుతున్నాం. ఇచ్చేవాడు ఎప్పుడూ ఒకడే, పుచ్చుకునేవాడు ఎప్పుడూ ఒకడే అయితే దానికి కలుపుగోలుతనం అని పేరు పెట్టలేం.

ప్రభుత్వం వైపు చూస్తే ఇంకో చిత్రం. డప్పు కళాకారులకు పింఛను వస్తోంది. 2024 జూలై నుంచి అది నెలకు 4000 రూపాయలు. ముసలితనంలో ఆ డబ్బు విలువ వాడలో అందరికీ తెలుసు. కానీ దానికి 50 ఏళ్లు నిండాలి. అంటే డప్పు కొట్టేవాడు చేతులు సడలినాకనే కళాకారుడిగా కాగితం మీదకి ఎక్కుతాడు. ఇరవై ఏళ్ల పిల్లవాడికి, పిల్లకి నేర్చుకునే బడి, కచేరీకి కూలి, కాలేజీలో సీటు? ఈ కళను ముసలివాళ్ల సంక్షేమంగా చూసినంత కాలం అది సంగీతం అనిపించుకోదు.

ఇప్పుడు ఆది ఆంధ్రవాడల్లో, అరుంధతివాడల్లో చదువుకున్న పిల్లలు మళ్లీ పలక పడుతున్నారు. అంబేద్కర్ జయంతి రాత్రుల్లో ఆ దరువు వినొచ్చు. కింద పెట్టిన తరం తప్పు చేసింది, పట్టిన తరం ఒప్పు చేసింది అని మేం అనడం లేదు. నాన్న వద్దని చెప్పగలిగాడు కాబట్టే బిడ్డ ఇష్టపడి పట్టగలుగుతున్నాడు. ఈ రెండింటికీ నడుమ ఉన్నది తెగతెంపు కాదు, ఒకే పోరాటం.

కాబట్టి అందరి కచేరీ అంటే ఏమిటో తేల్చుకోవాలి. పిలుపు ఊరి పెద్ద నుంచి కాదు, జట్టు ఒప్పుకోలుతో జరగాలి. కూలి ముందే మాట్లాడుకోవాలి, పాత మేర లెక్క పనికిరాదు. ఊరు, వాడ రెండూ వచ్చి కూర్చునే బయలులో జరగాలి, కూలిపని ముగించుకున్న ఆడవాళ్లు రాగలిగే వేళకు జరగాలి. నడవలేనివాళ్ల బండికి దారి ఉండాలి. చెవులు వినపడని బిడ్డ కూడా పలక చట్రం మీద చెయ్యి పెడితే దరువు తెలుస్తుంది. ఆ బిడ్డకు ముందు వరసలో చోటు ఇవ్వగల వాద్యం మనది. ఆడపిల్లలు చూసేవాళ్లుగా మాత్రమే కాదు, కొట్టేవాళ్లుగా ఉండాలి. అన్నిటికన్నా ముందు, ఏ సాయంత్రమైనా కొట్టమని చెప్పే హక్కు ఆ చేతులకు ఉండాలి. ఆ హక్కు ఉన్న చోట మోగిందే సంగీతం.