పదమూడు రూపాయల బాకీ

బెంగళూరు క్లబ్బులో 1899 నాటి పాత లెక్కల పుస్తకం ఒకటుంది. ఇక వసూలు కావని తేల్చేసిన బాకీల పట్టికలో ఓ కుర్ర మిలటరీ ఆఫీసరు పేరూ, ఆయనగారు ఎగవేసిన 13 రూపాయల పద్దూ అందులో కనిపిస్తాయి. ఆ లెఫ్టినెంటు మరెవరో కాదు, విన్‌స్టన్ చర్చిల్! రాని బాకీ అని రాసుకుని క్లబ్బువారు ఊరుకున్నారు. పెద్దింటి బిడ్డ కదా మరి!

పదకొండేళ్లు గడిచాయి. 1910లో ఆ చర్చిలే ఇంగ్లండుకు హోం మంత్రి అయ్యాడు. జైళ్ల లెక్కలు చూస్తే ఒక విడ్డూరం బయటపడింది. ఏటా 90 వేలమంది పైగా జైలుకు వస్తున్నది జరిమానా కట్టలేక! తాగి వీధిలో అల్లరి చేసినవాళ్లూ, చిల్లర తగాదాలు పడ్డవాళ్లూ, అంతా ఇలాంటి బాపతే. కోర్టు వాళ్లకు వేసింది జరిమానా. కానీ చాలా కోర్టుల్లో తీర్పు చెప్పగానే డబ్బు అక్కడికక్కడే కక్కాలి. జేబులో ఉంటే ఇంటికి, లేకపోతే జైలుకి. అంటే శిక్షను నిర్ణయించింది నేరం కాదు, జేబు!

పోనీ సర్కారుకేమైనా మిగిలిందా అంటే అదీ లేదు. నాలుగు షిల్లింగుల కోసం మనిషిని తెచ్చి వారం రోజులు కూడూ గుడ్డా ఇచ్చి, కాపలా పెట్టి పోషించాలి. ఈలోగా అతని పని ఊడుతుంది, ఇంటి దగ్గర పెళ్లాం బిడ్డలు పస్తులు. కొండను తవ్వి ఎలుకను పట్టడం అంటాం కానీ, ఇక్కడ ఎలుక కూడా దొరకలేదు.

వీళ్లకు కొంచెం గడువిస్తే పోలేదా అన్నాడు చర్చిల్. ఆయన 1911లో నౌకాదళం వైపు వెళ్లిపోయినా ఆ ఆలోచన పోలేదు, 1914లో చట్టమైంది. కనీసం ఏడు రోజుల గడువు, కావాలంటే వాయిదాలు. ఫలితం చూడండి: 1908-09లో 95 వేలు దాటిన జైలు సంఖ్య 1918-19 నాటికి 5 వేల చిల్లరకు దిగింది. అంతా చట్టం చలవే అనకూడదు సుమండీ! యుద్ధం వచ్చి మగాళ్లు సైన్యంలో చేరారు, సారా దుకాణాల వేళలు తగ్గించారు, కూలి రేట్లు పెరిగాయి. అయినా యుద్ధం ముగిశాక కూడా ఆ పాత సంఖ్య మళ్లీ తిరిగి రాలేదు. 1935లో ఇంకో చట్టం చేసి, కట్టనివాణ్ణి జైలుకు పంపేముందు అసలు కట్టే తాహతు ఉందా అని విచారించమన్నారు.

ఈ కిటుకు మనకు తెలియనిదా? చీరల మూట నెత్తిన పెట్టుకుని ఇంటింటికీ తిరిగే ఆసామి నెలకింత అని వాయిదాలు కట్టించుకుంటాడు. ఒక నెల ఆగమంటే ఆగుతాడు, పై నెల గుర్తుపెట్టుకుని మరీ వస్తాడు. గుమ్మంలో నిలబడి గొంతు చించుకుంటే చీరా పోతుంది, బాకీ పోతుంది, బేరమూ పోతుందని అతనికి తెలుసు.

అమెరికాకు ఈ సంగతి తెలియడానికి చాలాకాలం పట్టింది. జార్జియా రాష్ట్రంలో కార్పెట్ల మిల్లు కార్మికుడొకడికి కోర్టు జరిమానా, నష్టపరిహారం కలిపి 750 డాలర్లు వేసింది. తల్లిదండ్రులు అప్పు తెచ్చి 200 కట్టారు. అంతలో మిల్లు ఉద్యోగం పోయింది. చదవడం కూడా రాని మనిషి, ఎక్కడా పని దొరకలేదు. మిగతాది కట్టలేదని జైల్లో పెట్టారు. ఎందుకు కట్టలేకపోయాడో అడక్కుండా జైలుకు పంపడం చెల్లదని 1983లో అక్కడి సుప్రీంకోర్టు చెప్పింది.

చెప్పింది సరే, వినాలిగా! మిస్సోరీలో ఫెర్గూసన్ అని అప్పట్లో 21 వేల జనాభా ఉన్న ఊరు. జరిమానాల రాబడి ఏటా పెరగాలని ఊరి బడ్జెట్‌లో ముందే రాసుకునేవారు. 2007లో ఒకావిడ కారు ఆపకూడని చోట ఆపింది. జరిమానా 151 డాలర్లు, పైన ఫీజులు. వాయిదాకు రాలేదని మళ్లీ మళ్లీ వడ్డించారు. ఆవిడకు ఒక్కోసారి ఉండడానికి ఇల్లే లేదు. ఒకసారి 25, ఇంకోసారి 50 డాలర్లు పంపితే, మొత్తం కడితేనే పుచ్చుకుంటామని తిప్పి పంపారు. గోరుచుట్టుపై రోకటిపోటు! రెండుసార్లు అరెస్టు, ఆరు రోజులు జైలు. 2014 డిసెంబరుకు ఆవిడ కట్టింది 550 డాలర్లు, ఇంకా బాకీ 541! కేంద్ర న్యాయశాఖ 2015లో ఈ లెక్కలన్నీ బయటపెట్టింది.

శాన్‌ఫ్రాన్సిస్కో నగరం ఇంకో దారి పట్టింది. జైలు నుంచి బయటికొచ్చినవాళ్ల నెత్తిన వేసిన రకరకాల ఫీజులు వసూలు చేసే ప్రయత్నం దండగని గ్రహించి, 2018లో 21 వేలమందికి 3 కోట్ల 20 లక్షల డాలర్లు మాఫీ చేసింది.

మన దేశంలోనూ 1973 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో జరిమానాకు గడువూ, రెండు మూడు వాయిదాలూ ఇచ్చే వీలు ఉండేది. 2024 జూలైలో అమలుకొచ్చిన కొత్త చట్టంలోనూ ఆ వీలుంది. ఇవ్వడం, ఇవ్వకపోవడం న్యాయమూర్తి ఇష్టం.

ఉండీ ఎగ్గొట్టేవాణ్ణి ముక్కు పిండి వసూలు చేయాల్సిందే, అందులో జాలి పడేదేం లేదు. కానీ ఉండీ కట్టనివాడెవడు, లేక కట్టలేనివాడెవడు అని తెలుసుకోవాలంటే ముందు అడగాలి. ఆ పాతిక డాలర్లు పంపినావిడ కట్టననలేదు. ఉన్నంతా తెచ్చి ఇస్తానంది. పుచ్చుకునే చెయ్యే లేకపోయింది.